ముద్ద ముట్టని కుక్క

కుక్కల పెంపకం మీద వచ్చిన పుస్తకం ఏది తిరగేసినా జబ్బుల జాబితా దాదాపు ఒకే వరసలో ఉంటుంది. ముందు డిస్టెంపర్, తర్వాత హెపటైటిస్, పార్వో, కెన్నెల్ కాఫ్. పిడుదుల జబ్బులు చివర్లో ఎక్కడో ఉంటాయి. రేబిస్‌కు ఒక పేరా. ఈ వరస చలిదేశాల్లో పుట్టింది. బ్రిటన్‌లో కుక్కల రేబిస్ 1922 నాటికే అంతరించింది కాబట్టి అక్కడివాళ్లకు ఆ ఒక్క పేరా చాలు. మనకు చాలదు. వరంగల్‌లోనో గుంటూరులోనో పశువుల డాక్టరు గది బయట బెంచీ మీద ఒక పూట కూర్చుంటే మన వరస ఏమిటో తెలుస్తుంది. కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమందిది పార్వో భయం. పెద్ద కుక్కను గొలుసుతో నడిపించుకొచ్చినవాళ్లలో ఎక్కువమందిది పిడుదుల జ్వరం. మిగతా జబ్బులన్నీ వీటి సందుల్లో వస్తుంటాయి. రేబిస్ ఆ గదిలో అరుదుగానే కనిపించినా, దాని భయం లేకుండా ఏ డాక్టరూ ఏ కుక్క నోరూ తెరవడు.

అందుకే ఈ సమీక్ష మన వరసలో సాగుతుంది. ముందే ఒక మాట చెప్పాలి. జబ్బు పేరు ఇంట్లో తేల్చడం కుదిరే పని కాదు. నెత్తురు విరేచనాలన్నీ పార్వో కావు, ముక్కు నుంచి రక్తం కారిందల్లా పిడుదులు తెచ్చే ఎర్లికియా కాదు, ఒకే కుక్కలో రెండు జబ్బులు కలిసి ఉండటం మన దగ్గర మామూలే. ఇంట్లో తేల్చగలిగింది వేరే ఉంది: ఇది రేపటిదాకా ఆగేదా, ఇప్పుడే ఆటో ఎక్కించాల్సిందా? దానికి కావలసిన ఆనవాళ్లు కుక్క ఒంటిమీదే ఉంటాయి.

ముక్కు తడిగా చల్లగా ఉంటే కుక్క బాగున్నట్టు, ఎండితే జ్వరం వచ్చినట్టు అనే లెక్క పనికిరాదు. నిద్రలేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది. చావుబతుకుల్లో ఉన్న పిల్ల ముక్కు తడిగా ఉండొచ్చు. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరు నయం. దాని మొనకు కాస్త కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలో అంగుళం లోపలికి పెడితే నిమిషంలో తెలుస్తుంది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరమనిపించే 101 దానికి సహజం. 103 దాటితే జ్వరమనుకోవాలి. నీరసంగా పడి ఉన్న పిల్లకు 99 చూపిస్తే మాత్రం "అమ్మయ్య, జ్వరం లేదు" అనుకోకూడదు. ఒళ్లు చల్లబడుతోందని దాని అర్థం, అది జ్వరం కంటే పెద్ద ప్రమాదం.

థర్మామీటరు కంటే ఎక్కువ చెప్పేవి చిగుళ్లు. పైపెదవిని బొటనవేలితో ఎత్తి కోరపన్ను పైన చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగొస్తుంది. పుట్టుకతో నల్ల చిగుళ్లున్న కుక్కకైతే కింది కనురెప్పను లాగి లోపల చూడాలి. పాలిపోయి తెల్లగా ఉంటే ఒంట్లో రక్తం తగ్గింది. పిడుదుల జబ్బు కావచ్చు, పేగుల్లో కొంకి పురుగులు కావచ్చు. పసుపుగా ఉంటే కామెర్లు. వేలికి జిగటగా అంటుకుంటే ఒంట్లో నీరు పోయింది. చిగుళ్ల మీదా, పొట్ట కింది వెంట్రుకల్లేని చోటా సూదిమొనంత ఎర్ర చుక్కలు కనిపిస్తే ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఆ మాట అర్థం ఏమిటో డెంగీ పుణ్యమా అని ఈ రోజు ప్రతి తెలుగింటికీ తెలుసు. అయితే ఇవన్నీ కుక్క బాగున్న రోజుల్లోనే చూసి కంటికి అలవాటు చేసుకోవాలి. జబ్బు పడ్డాక మొదటిసారి చూసినవాడికి ఏది మామూలో తెలియదు.

ఆస్పత్రికి వెళ్లేలోపు మన జ్వరం బిళ్లో, నొప్పి బిళ్లో అరముక్క వేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గిన కుక్కకు ఆస్పిరిన్ పడితే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. ఏమీ వేయకుండా తీసుకెళ్లడమే మేలు.

పిల్లలను తీసుకెళ్లే పార్వో

1978కి ముందు ఈ జబ్బు ప్రపంచానికి తెలియదు. పిల్లులకు వచ్చే ఒక పాత వైరస్‌కు దగ్గరి చుట్టమైన కొత్త వైరస్ ఆ ఏడాది కుక్కల్లో బయటపడి, రెండేళ్లు తిరక్కుండా అన్ని ఖండాలకూ పాకింది. మన దేశంలోకి 1980లలోనే వచ్చేసింది. శరీరంలో ఎక్కడ కణాలు వేగంగా పుడుతుంటాయో అక్కడే ఇది పెరుగుతుంది. అంటే పేగుల లోపలి పొర, ఎముక మజ్జ. అందుకే దెబ్బ రెండు వైపులా పడుతుంది. పేగు పొర ఊడిపోతుంది, దాన్ని కాపాడాల్సిన తెల్లకణాలు అదే సమయంలో పడిపోతాయి. పేగుల్లోని బాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. పిల్ల చనిపోయేది చాలావరకు ఈ బాక్టీరియా వల్లా, నీళ్లు పోవడం వల్లా.

ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలే దీని ప్రధాన బలి. రాట్‌వైలర్, డాబర్‌మన్ జాతుల్లో మరీ తీవ్రంగా వస్తుంది. మొదటి రోజు విరేచనాలే ఉండవు, ఇక్కడే చాలామంది పొరపడతారు. నిన్నటిదాకా చెప్పులు కొరికిన పిల్ల మూలన ముడుచుకుని పడుకుంటుంది, ముద్ద ముట్టదు. తర్వాత వాంతులు మొదలవుతాయి. ముందు తిన్నది, ఆపైన తెల్లటి నురగ, పసుపు నీరు. ఆ తర్వాతే నీళ్ల విరేచనం, అందులో నెత్తురు, గదంతా కమ్మేసే కుళ్లు కంపు. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. అయినా వాసనతో రోగం తేల్చకూడదు. కొంకి పురుగుల వల్లా, కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి వల్లా నెత్తురు పడుతుంది. డాక్టరు మలంలో ముంచి చూసే స్ట్రిప్ పరీక్ష పది నిమిషాల్లో జవాబు చెబుతుంది. అది కూడా ఒక్కోసారి ఉన్న పార్వోను లేదంటుంది, నాలుగు రోజుల కిందట టీకా వేయించిన పిల్లలో లేనిదాన్ని ఉందంటుంది. అందుకే తెల్లకణాల లెక్క కూడా చూస్తారు.

వైరస్‌ను చంపే మందు మన దగ్గర మామూలుగా ఇచ్చేదేదీ లేదు. సెలైన్, వాంతి ఆపే సూది, యాంటీబయాటిక్, కొంచెం కొంచెంగా ఆహారం: చికిత్స ఇంతే. కానీ ఈ "ఇంతే" వేళకు అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి, అందకపోతే ఎక్కువ పిల్లలు చస్తాయి. రెండు మూడు రోజుల్లోనే ఏదో ఒకటి తేలిపోతుంది. వాంతి చేసుకుంటున్న పిల్లకు మజ్జిగన్నం, గ్లూకోజు నీళ్లు బలవంతంగా పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నాలుగుసార్లు వాంతి అయిన పిల్లను తెల్లవారేదాకా చూద్దామని ఉంచకూడదు.

ఇంటి నేల సంగతి వేరు. ఈ వైరస్ నీడపట్టున నెలల తరబడి, ఏడాది దాటి కూడా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు, స్పిరిట్‌కు లొంగదు. మలం పూర్తిగా ఎత్తేసి, సబ్బుతో కడిగి, ఆపైన ఒక పాలు బ్లీచ్‌కు ముప్ఫై పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టి పెరడుకు అదీ కుదరదు, ఎండే దిక్కు. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లోకి బాధ మరవడానికని నెల తిరక్కుండా ఇంకో పిల్లను తేవడం, అది కూడా అదే దారి పట్టడం డాక్టర్లందరూ చూసే విషాదం. తేవాలనుకుంటే టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను తేవాలి.

పిడుదులు తెచ్చే జబ్బులు

మన వాతావరణంలో కుక్కల జబ్బులకు సింహద్వారం ఇదే. గోమార్లనండి, పిడుదులనండి, కుక్క మీద మనం చూసేవి గోధుమరంగు కుక్క పిడుదులు. రక్తం తాగి ఉబ్బిన ఆడపిడుదు ఆముదం గింజలా బూడిదరంగులో చెవి వెనక వేలాడుతుంటే అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి కాలివేళ్ల సందుల్లో, చెవి లోపలి మడతల్లో, తోక కింద ఉంటాయి. ఆవగింజంత పిల్ల పిడుదులు అక్కడ గుంపుగా పట్టి ఉంటాయి. ఇంకా ఎక్కువ భాగం కుక్క మీద అసలు ఉండవు. కడుపు నిండిన పిడుదు కిందకు రాలి, గోడ పగుళ్లలోకో, తలుపు చట్రం వెనక్కో పాకి, అక్కడ వేల గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోట గోడ మీద పైకి పాకుతున్న పిడుదు కనిపించిందంటే ఇల్లంతా వాటిదైపోయినట్టే. కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే మూడు వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. ఏసీ గదిలో పెరిగే కుక్కకు ఇవి రావనుకోవడం కూడా భ్రమే. లిఫ్టు దగ్గర, పార్కులో, సెల్లార్‌లో అంటుకుంటాయి.

పిడుదు ఉమ్మి ద్వారా వచ్చేవాటిలో మొదటిది ఎర్లికియా. 1935లో అల్జీరియాలో తొలిసారి గుర్తించిన ఈ సూక్ష్మజీవి వియత్నాం యుద్ధంలో అమెరికా సైనిక కుక్కలను వందల్లో చంపాకే ప్రపంచం దృష్టికి బాగా వచ్చింది. ఇది తెల్లకణంలో దూరి బతుకుతుంది. పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం, ఆకలి మందగించడం, గొంతు కింద గడ్డలు ఉబ్బడం, కళ్లు ఎర్రబడటం కనిపిస్తాయి. చాలా కుక్కలు దీన్ని దాటేసినట్టే ఉంటాయి. జ్వరం తగ్గుతుంది, తిండి మొదలుపెడతాయి. ఇక్కడే ఈ జబ్బు మోసం. అది ఒంట్లో దాగి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిపి ఎముక మజ్జను తినేస్తుంది. ఏడాది తర్వాత ఒక పొద్దున్న కుక్క ముక్కు నుంచి ధారగా రక్తం కారుతుంది, చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. జర్మన్ షెపర్డ్‌లలో ఈ దశ మరీ దారుణం. తొలిదశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలి, చాలా కుక్కలు తేరుకుంటాయి. నాలుగో రోజుకే కుక్క గంతులేస్తుందని మందు ఆపేయడం దాన్ని చివరి దశకు సాగనంపడమే. ప్లేట్‌లెట్ల కోసం బొప్పాయి ఆకు రసం పోసేవాళ్లూ ఉన్నారు. పోసినా పోయకపోయినా డాక్సీసైక్లిన్ మాత్రం ఆపకూడదు.

రెండోది బబీసియా. ఇది ఎర్రకణంలో దూరి దాన్ని పగలగొడుతుంది. దీని కథలో మన ప్రాంతానికి చోటుంది. మద్రాసులో వేటకు వాడే హౌండ్ల రక్తంలో 1910లో పాటన్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న పరాన్నజీవిని చూసి వర్ణించాడు. అదే తర్వాత నక్కల్లోనూ కనబడింది. ఈ రోజు ప్రపంచమంతా బబీసియా గిబ్సోనై అని పిలిచేది దాన్నే. తీవ్రమైన జ్వరం, నీరసం, తెల్లబడ్డ చిగుళ్లు, కామెర్లు దీని గుర్తులు. కాఫీ డికాషన్ రంగు మూత్రం పోస్తే ఎర్రకణాలు పగిలిపోతున్నట్టు. అయితే గిబ్సోనై రకంలో మూత్రం రంగు మారకుండానే రక్తం కరిగిపోవచ్చు. పిడుదు లేకుండా కూడా కుక్కల పోట్లాటలో కాటు ద్వారా, తల్లి నుంచి కడుపులోని పిల్లకు ఇది అంటుతుంది. ఎర్లికియాకు పనిచేసే మందు ఒక్కటే దీనికి చాలదు. బబీసియాలో రకాన్ని బట్టి కూడా మందు మారుతుంది. అందుకే "టిక్ ఫీవర్" అన్న ఒక్కమాటతో సరిపెట్టే చీటీ నాకు నచ్చదు. ఏ పిడుదు జబ్బో రాయాలి.

అది తేల్చేది రక్తం. చెవి అంచున సూదితో పొడిచి ఒక చుక్క గాజుపలక మీద పరిచి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎర్రకణంలో జంటగా బేరీపండు ఆకారాలు కనిపిస్తే పెద్దరకం బబీసియా, చిన్న ఉంగరాల్లా ఉంటే గిబ్సోనై. కనిపించలేదంటే లేదని కాదు, ఆ చుక్కలో దొరకలేదని. రక్తంతో చేసే స్ట్రిప్ పరీక్షలో గీత వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే. ఇప్పటి జబ్బు దానిదే అనడానికి ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ లెక్క తోడు కావాలి. వీలుంటే పీసీఆర్ చేయిస్తారు. 1905లో మన దేశంలోనే మొదట వర్ణించిన హెపటోజూన్ అనేది ఇంకొకటుంది. అది పిడుదు కుడితే రాదు, కుక్క ఒళ్లు నాక్కుంటూ పిడుదును మింగితే వస్తుంది. ప్రకృతి ఏ దారీ వదలలేదు.

పిడుదును పీకేటప్పుడు పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. వేళ్లతో నలిపితే లోపలి రక్తం మన చేతికంటుతుంది. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం కుక్కను హింసించడమే. పీకడం ఎలాగూ అసలు రక్ష కాదు, కుట్టిన గంటల్లోనే ఎర్లికియా దిగిపోతుంది. నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే నమిలే బిళ్లలు ఇప్పుడు వచ్చాయి, ఖరీదైనవే. అయినా ఒక్కసారి రక్తం ఎక్కించడానికయ్యే ఖర్చుతో పోలిస్తే చౌక.

డిస్టెంపర్, దగ్గులు

డిస్టెంపర్ మనుషుల తట్టు వైరస్‌కు దాయాది. ఇది వైరస్ వల్ల వస్తుందని 1905లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ కారే చూపించాడు. టీకాలు పడే ఇళ్లలో ఇది తగ్గింది, వీధుల్లో తగ్గలేదు. జ్వరం ఒకసారి వచ్చి పోతుంది, వారం లోపు మళ్లీ వస్తుంది. కళ్ల నుంచి, ముక్కు నుంచి మొదట నీరు, తర్వాత పసుపు చీము కారి ముట్టె మీద గట్టిపడుతుంది. దగ్గు, విరేచనాలు, పొట్ట మీద చీముపొక్కులు కనిపిస్తాయి. కొన్నింటికి అరికాళ్ల మెత్తలు, ముక్కు గట్టిపడి పెళుసుబారతాయి. కుక్క తేరుకుంది అనుకున్న రెండు మూడు వారాలకు అసలు దెబ్బ బయటపడుతుంది. ఏదో నములుతున్నట్టు దవడ ఆడిస్తూ మూర్ఛ వస్తుంది. నిద్రలో కూడా ఒక కాలో నుదురో తాళం తప్పకుండా అదురుతుంటుంది. ఆ అదురు చూసినవాళ్లు దీన్ని ఇంకో జబ్బుతో పొరబడరు. బతికిన పిల్లకు పళ్ల మీద పింగాణీ పొర గుంటలు పడి జీవితాంతం గుర్తుగా ఉంటుంది.

ఈ వైరస్ కుక్కల దగ్గర ఆగదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో వెయ్యి దాకా సింహాలను బలితీసుకుంది. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుజరాత్ గిర్ అడవిలో 23 సింహాలు వారాల వ్యవధిలో చనిపోతే కొన్నింటిలో డిస్టెంపర్ వైరస్, కొన్నింటిలో పిడుదుల ద్వారా వచ్చే బబీసియా బయటపడ్డాయి. అడవి అంచు ఊళ్లలో కుక్కలకు టీకా వేయడం అందుకే అవసరం. నల్లమల, కవ్వాల్ చుట్టుపక్కల ఊళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

దగ్గే ముఖ్య లక్షణమైతే, అదీ వారం కిందట కుక్కను హాస్టల్లో వదిలి ఊరెళ్లి వచ్చి ఉంటే, కెన్నెల్ కాఫ్ అనుకోవచ్చు. గొంతులో ఎముక అడ్డుపడ్డట్టు ఖణేలుమని దగ్గి, చివర్లో తెల్లటి నురగ కక్కుతుంది. బెల్టు గుంజితే దగ్గు వస్తుంది. కానీ తింటుంది, ఆడుతుంది. రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. తిండి మానేసినా, జ్వరం వచ్చినా అది నిమోనియానో డిస్టెంపరో చూసుకోవాలి.

పుస్తకాల జాబితాలో రెండో పేరైన హెపటైటిస్ టీకాల వల్ల ఇప్పుడు అరుదు. అందులో కంటి నల్లగుడ్డు మీద నీలిరంగు తెర కమ్ముతుందని రాసి ఉంటుంది. మన దగ్గర కన్ను అలా మబ్బుపడితే నేను ముందు ఎర్లికియానూ, సర్రానూ అనుమానిస్తాను. సర్రా పరాన్నజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల రక్తంలో కనిపెట్టాడు. జోరీగలు మోసుకొచ్చే ఈ జబ్బు కబేళాల దగ్గర పచ్చిమాంసం తినే కుక్కలకూ వస్తుంది.

వానాకాలపు కామెర్లు

లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఎలుక మూత్రంలో బయటకొచ్చి, నిలవ నీటిలో వారాల తరబడి బతికి, కుక్క కాలి గాయాల గుండా, నోటి గుండా లోపలికి పోతుంది. పట్టేది కాలేయాన్నీ కిడ్నీలనూ. జ్వరం, ఒళ్లంతా నొప్పులు ముందు వస్తాయి. నడుము ముట్టుకుంటే మూలుగుతుంది, మెట్లెక్కదు. వాంతులు, విపరీతమైన దాహం, తర్వాత మూత్రం పూర్తిగా బందవడం, కామెర్లు. జూలై నుంచి నవంబరు దాకా, వరదనీరు వచ్చి పోయిన బస్తీలో, ధాన్యం నిలవ ఉండే ఇంట్లో కుక్కకు ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం పనికిరాదు. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగే జబ్బే ఇది, కిడ్నీలు పోకముందు. మనుషులకూ అంటుతుంది కాబట్టి ఆ కుక్క మూత్రం ఎత్తేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి, ఇంట్లోవాళ్లకు జ్వరం వస్తే డాక్టరుకు కుక్క సంగతి చెప్పాలి. టీకా ఉంది గానీ అందులో ఉన్న రకాలకే పనిచేస్తుంది, ఏటా వేయించాలి.

రేబిస్

రేబిస్ కుక్క నీళ్లంటే భయపడుతుందని అందరూ అంటారు, అది తప్పు. ఆ భయం మనిషిలో కనిపించే లక్షణం. కుక్క నీళ్ల దగ్గరికి పోతుంది, మూతి పెడుతుంది, గొంతు కండరాలు చచ్చుబడి మింగలేకపోతుంది. నీళ్లు తాగబోయింది కాబట్టి పిచ్చికుక్క కాదని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో అపోహ ఇంకా ప్రమాదకరం. రేబిస్ అంటే చొంగ కారుస్తూ కనబడ్డవారినల్లా కరిచే కుక్కే అనుకుంటారు. అలాంటిదీ ఉంది. ఊరకే గాలిని కొరకడం, రాళ్లూ కర్రలూ మింగడం, మొరుగు గొంతు బొంగురుపోయి సాగడం, తెలియని ఊళ్లకు పరుగెత్తిపోవడం దాని గుర్తులు. కానీ మూగ రేబిస్ ఇంకొకటుంది. ఎప్పుడూ కలివిడిగా తిరిగే కుక్క మంచం కింద చీకట్లో దూరుతుంది. లేదా దగ్గరికి రానిచ్చే అలవాటు లేని వీధికుక్క ఒక్కసారిగా వచ్చి ఒళ్లో తల పెడుతుంది. కింది దవడ వేలాడుతుంది, నాలుక బయటపడుతుంది, చొంగ తీగలు సాగుతాయి. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని యజమాని నోట్లో చెయ్యి పెడతాడు. ఈ జబ్బులో ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. దవడ జారిన కుక్క, అందునా టీకా లెక్క తెలియని కుక్క నోట్లో చేయి పెట్టకూడదు. గదిలో వేసి తలుపు మూసి డాక్టరును పిలవాలి. లక్షణాలు మొదలైన కుక్క పది రోజులు దాటి బతకదు. బతికుండగా నమ్మదగ్గ పరీక్ష లేదు, చనిపోయాక మెదడు చూసే తేలుస్తారు.

కరిచినప్పుడు ఆ పది రోజుల లెక్కను మనవాళ్లు తలకిందులుగా పట్టుకున్నారు. "పది రోజులు చూసి, కుక్క చస్తే సూది వేయించుకుందాం" అంటారు. సూది మొదలుపెట్టి కుక్కను చూడాలి. పది రోజులకూ అది బాగుంటే మిగతా సూదులు ఆపాలో లేదో డాక్టరు చెబుతారు. అంతకు ముందు చేయాల్సింది గాయాన్ని ధారగా పారే నీటికింద సబ్బుతో పావుగంట కడగడం. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు వద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలపు టీకాది, దాన్ని మన దేశం 2004లో ఆపేసింది. ఇప్పుడు చేతికి వేసేవి నాలుగో ఐదో. కాటు చర్మాన్ని చీల్చి రక్తం తెప్పిస్తే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. అది వేయకుండా టీకా ఒక్కటే ఇచ్చి పంపితే అడిగి వేయించుకోవాలి. దేశంలో ఏటా సుమారు 5,726 మంది రేబిస్‌తో చనిపోతున్నారని ఐసీఎంఆర్ ఇటీవలి సర్వే అంచనా. పాత అంచనాలు ఇంతకు మూడింతలు. తగ్గిందని సంతోషించవచ్చు గానీ, టీకా ఉన్న జబ్బుతో రోజుకు పదిహేనుమంది పోవడం చిన్న లెక్క కాదు.

అంటే క్యాన్సర్, చర్మవ్యాధులు

అంటురోగాల్లో అన్నిటికంటే విచిత్రమైనది మన వీధుల్లోనే అతి మామూలుగా ఉంది. కుక్క జననాంగం నుంచి చుక్కలు చుక్కలుగా రక్తం కారుతుంటుంది. ఆడకుక్కకైతే ఎదకొచ్చిందనుకుంటారు, అది మూడు వారాల్లో ఆగాలి, ఆగదు. వెనక్కి తీసి చూస్తే క్యాలీఫ్లవర్ పువ్వులా ఎర్రటి గడ్డ. అది క్యాన్సర్, సంభోగంలో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటే క్యాన్సర్. వైరస్ కాదు, క్యాన్సర్ కణాలే దాటుతాయి. 1876లో రష్యాలో నోవిన్‌స్కీ దీన్ని ఒక కుక్క నుంచి మరో కుక్కకు నాటి చూపించాడు. 2006లో జన్యుపరీక్షలు తేల్చింది ఇంకా వింత. ప్రపంచంలోని ఈ గడ్డలన్నీ వేల ఏళ్ల కిందట బతికిన ఒకే ఒక కుక్క కణాల సంతతి. ఆ కుక్క పోయింది, దాని క్యాన్సర్ ఖండాలు దాటి ఇంకా బతుకుతోంది. ఇంత భయపెట్టేదీ చికిత్సకు చాలా తేలిగ్గా లొంగుతుంది. విన్‌క్రిస్టిన్ సూది వారానికొకటి చొప్పున నాలుగారు వారాలు చాలు. వాసన చూసే అలవాటు వల్ల ముక్కులో కూడా పెరుగుతుంది కాబట్టి ముక్కు రక్తాన్నంతా పిడుదుల ఖాతాలో వేయకూడదు.

చర్మం సంగతి క్లుప్తంగా. గజ్జి చెవి అంచులు, మోచేతుల దగ్గర మొదలై కుక్కకు నిద్ర లేకుండా చేస్తుంది. చెవి అంచును రెండు వేళ్లతో రుద్దితే వెనక కాలు దానంతటదే గోక్కోవడానికి లేస్తే గజ్జి అనుమానం బలపడుతుంది. మనకూ అంటి కొన్నాళ్లు దురద పెడుతుంది. కళ్ల చుట్టూ, ముట్టె మీద వెంట్రుకలు ఊడి పెద్దగా దురద లేకపోతే అది డెమోడెక్స్, ఎవరికీ అంటదు. గుండ్రంగా అంచు తేలితే తామర, ఇంట్లో చిన్నపిల్లలకు అంటుతుంది. మూడింటికీ మెకానిక్ షాపు నుంచి తెచ్చిన పాత ఇంజన్ ఆయిల్ పూయడం మన దగ్గర ఉంది. కుక్క దాన్ని నాకి కాలేయం పాడుచేసుకుంటుంది.

టీకా వేయించినా ఎందుకొస్తాయి?

"నైన్ ఇన్ వన్ వేయించాం, అయినా పార్వో వచ్చింది" అన్న ఫిర్యాదు మందు మీదికే పోతుంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలు పిల్లను కాపాడుతుంది, అదే టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ మారుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేయాలని ప్రపంచ చిన్నజంతు పశువైద్య సంఘం చెబుతోంది. తర్వాత ఆరునెలలప్పుడు ఇంకొకటి వేయించాలి. మన దగ్గర చాలామంది రెండో సూదితో ఆపేస్తారు, సరిగ్గా తల్లి రక్షణ పోయే వేళకు. పైగా ముప్ఫై రోజుల పిల్లనే అమ్మేస్తారు. 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాడు చూపే టీకా కార్డు మీద మందు సీసా స్టిక్కరు, డాక్టరు సంతకం లేకపోతే టీకా పడనట్టే లెక్కేసుకోవాలి. ఆ లేబుల్ మీద "కరోనా" అని చూసి 2020లో చాలామంది కంగారుపడ్డారు. అది కుక్క పేగులకు వచ్చే వేరే వైరస్.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కార్డు, ఫోన్‌లో తీసిన వీడియో, చిన్న డబ్బాలో మలం తీసుకెళ్లాలి. దగ్గు, మూర్ఛ డాక్టరు ముందు రమ్మంటే రావు, వీడియోలో చూపించవచ్చు. వాంతి, విరేచనాలున్న పిల్లను తన వంతు వచ్చేదాకా మిగతా కుక్కల మధ్య నేలమీద వదలకూడదు. రేబిస్ టీకాకు డబ్బు అడ్డం కానక్కర్లేదు. జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి పాశ్చర్ 1885లో మొదటి రేబిస్ టీకా వేసిన జూలై 6ను జంతువుల నుంచి మనుషులకు వచ్చే వ్యాధుల దినంగా పాటిస్తారు. ఆ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా సూది వేస్తారు. మూడు నెలలు నిండిన ఏ కుక్కనైనా, ఇంటిదైనా వీధిదైనా, మెడకు తాడు కట్టి తీసుకెళ్లవచ్చు.